పత్రసేచనము: ద్రాక్షతోట నుండి నిమ్మగడ్డి వరకు

1882వ సంవత్సరమున, శరదృతువు నడుమ, ఫ్రాన్సు దేశపు మెడాక్ సీమలో సేంట్ జూలియన్ గ్రామప్రాంతపు ద్రాక్షతోటల మధ్య నడచిపోవుచున్న బోర్డో విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రాచార్యుడు అలెక్సిస్ మిలార్దేకు ఒక విచిత్రము కంటబడెను. లోపలి తోటలన్నియు బూజుతెగులు సోకి ఆకులు రాలి మోడువారియుండగా, బాట కిరుప్రక్కల నున్న కొలది వరుసలు మాత్రము ఎండకన్నెరుగనట్లు పచ్చగా నిలిచియుండెను. విచారింపగా తెలిసినదేమనగా, దారినపోవువారు గుత్తులు తెంపుకొనిపోవుట మాన్పించుటకై అక్కడి రైతులు మైలుతుత్తమును సున్నముతో కలిపి బాటప్రక్క తీగలపై నీలిమరకలు కనబడునట్లు చల్లుట వాడుకయట. విషమేదో పూసినారని జంకి దొంగ చేయి వెనుకకు తీసికొనవలెనన్నదే వారి యెత్తుగడ. దొంగను బెదరించిన ఆ నీలిరంగే తెగులును కూడ తరిమివేసినది. మిలార్దే తన సహచరుడగు రసాయనాచార్యుడు యులిస్ గేయోన్ తోడ్పాటుతో మూడేండ్లు పరిశోధించి, పాళ్లు నిర్ణయించి, 1885లో ఆ విషయమును లోకమునకు ప్రకటించెను. బోర్డో మిశ్రమమను పేరుతో నేటికిని మన బత్తాయి తోటలలోను, తమలపాకు తోటలలోను వాడబడుచున్న మందు అదియే. ఆ బూజుతెగులు సైతము మానవుడు కొనితెచ్చుకొన్నదే. వేరుపురుగును తట్టుకొనగల అమెరికా ద్రాక్షమొక్కలను ఐరోపాకు దిగుమతి చేసికొనగా, వాటి వెంట వచ్చిన అనాహూతాతిథి అది.

ఈ కథను వ్యవసాయ చరిత్ర వ్రాసిన ప్రతివారును చెప్పుదురు. నేను మరల చెప్పుటకు కారణము వేరు. తెగులునకు మందు దొరకుట యటుండ, ఆనాటినుండి రైతు వీపునకు ఒక పంపు వచ్చి చేరినది. ఆకు మీద ఏదో ఒకటి చల్లుట వ్యవసాయకర్మలలో దుక్కివలె, కలుపువలె నిత్యకృత్యమైనది. పంపు ఉన్న తరువాత దానిలో ఏమి పోయవలెనన్న ఆలోచన ఊరకుండదు. మొదట విషము పోసిరి, తరువాత ఆహారము పోసిరి, ఇటీవలి కాలమున విటమినులు పోయుచున్నారు. తులసి, మరువము, పుదీనా, నిమ్మగడ్డి మొదలగు సుగంధపత్రములపై విటమిను సి, విటమిను ఇ, సాలిసిలికామ్లము వంటి ఆక్సీకరణ నిరోధకములను, అనగా నేటి వాడుకలోని యాంటీఆక్సిడెంట్లను, నీటిలో కలిపి పిచికారీ చేసినచో మొక్క ఏపుగా పెరుగుననియు, తైలము పెరుగుననియు గడచిన కొన్ని దశాబ్దములుగా పరిశోధకులు వ్రాయుచున్నారు. పత్రసేచనమను ఈ ఆచారము ఏ దారిన వచ్చినదో విచారించుటయే ఈ వ్యాసమున నా యుద్దేశము.

మన దేశమున ఈ రెండు విద్యలును, వృక్షపోషణమును, పరిమళములు కలుపు గంధయుక్తియును, ప్రాచీనకాలమున ఒకే గ్రంథమున ఇరుగుపొరుగుగా నుండినవి. ఆరవ శతాబ్దమున వరాహమిహిరుడు రచించిన బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ఒక యధ్యాయమును, గంధయుక్తికి ఒక యధ్యాయమును కలవు. మొదటిదానిలో చెట్టునకు చెట్టునకు మధ్య నుండవలసిన ఎడము, అంటుకట్టు విధానము, తెగులు సోకిన కొమ్మను గోసివేసి వాయువిడంగము, నేయి, బురద కలిపి పూయుట, కాయలు నిలువని చెట్టునకు ఉలవలు, మినుములు, పెసలు, నువ్వులు, యవలు వేసి కాచి చల్లార్చిన పాలు పోయుట మొదలగునవి చెప్పబడినవి. రెండవదానిలో పదునారు ద్రవ్యములలో నాలుగేసి చొప్పున ఎన్నుకొన్నచో 1820 కూటములగునని, వాటి పాళ్లను మార్చుచు పోయినచో లక్షకు పైబడిన పరిమళములు పుట్టునని గణితము వేసి చూపిన విధము నేటి గణితశాస్త్ర చరిత్రకారులకు సైతము ప్రీతిపాత్రమైనది. అయినను ఆ రెండధ్యాయములు ఒకదానితో నొకటి మాటలాడుకొనవు. చెట్టును బాగుచేయు వైద్యుడు దాని పరిమళమును గూర్చి పెద్దగా తలపడు. పరిమళములు కలుపు గాంధికుడు ఆ ఆకు ఏ నేలలో నెట్లు పెరిగెనని అడుగడు.

వేయేండ్ల క్రిందటివాడని యెంచబడుచున్న సురపాలుడు వ్రాసిన వృక్షాయుర్వేదము ఈ లోటును కొంత తీర్చినది. దాని తాళపత్రముల జాడ మనకు లేకపోయినను ఒక వ్రాతప్రతి ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు నగరపు బోడ్లియన్ గ్రంథాలయమున భద్రముగా నుండెను. 1994లో పటాన్‌చెరువు పరిశోధనాసంస్థలో పనిచేసిన శాస్త్రజ్ఞుడు వై.ఎల్. నెనే దాని నకలును తెప్పింపగా, నళినీ సాధలే దానిని ఆంగ్లమునకు అనువదింపగా, 1996లో సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి హిస్టరీ ఫౌండేషన్ దానిని అచ్చొత్తించినది. మన తెలుగునేల మీదనే ఆ గ్రంథమునకు పునర్జన్మ కలిగినదని చెప్పుకొనుట అతిశయోక్తి కాదు. మాంసము, కొవ్వు, మజ్జ ఉడికించి పులియబెట్టిన కుణపజలము అందలి ప్రసిద్ధయోగము; నేటి సేంద్రియ వ్యవసాయదారులు దానిని మరల తలకెత్తుకొనిరి. పూలకు రంగు మార్చుట, పరిమళము హెచ్చించుట వంటి చిత్రవిచిత్ర యోగములును అందు కలవు. వాటి ఫలితములను నేను పూచీపడి చెప్పజాలను గాని, పరిమళము సేద్యమునకు లోబడునదే యన్న నమ్మకము ఆనాడే యుండెనని మాత్రము స్పష్టము. అయినను ఆ ద్రవములలో నధికభాగము పోయవలసిన స్థలము వేరుమొదలే, ఆకు కాదు.

ఆకు కూడ తినునని ప్రయోగపూర్వకముగా చూపినవాడు ఫ్రాన్సు దేశీయుడే. మిలార్దేకు నలువదేండ్లు ముందు, 1843, 44 ప్రాంతమున, యూసేబ్ గ్రిస్ అను రసాయనజ్ఞుడు పాలిపోయి పసుపువన్నెకు తిరిగిన ఆకులపై అన్నభేదిని పలుచగా కరగించి కుంచెతో పూసెను. కుంచె తగిలినచోట పచ్చదనము తిరిగివచ్చినది. తగులనిచోట ఆకు పాలిపోయియే యుండెను. ఒకే ఆకులో ఒక భాగమునకు జబ్బు నయమై తక్కినభాగమునకు నయము కాకుండుటకంటె నిర్వివాదమైన సాక్ష్యమేమి కావలెను? నేటికిని బత్తాయి, వేరుసెనగ చేలలో ఇనుపధాతులోపము కనబడినప్పుడు మన రైతు అన్నభేదిని నిమ్మఉప్పుతో కలిపి చల్లుచున్నాడనిన, గ్రిస్ కుంచెపని నూట ఎనుబదేండ్ల తరువాతను సాగుచున్నదన్నమాట.

లోనికి పోయిన వస్తువు ఎంత, ఎంత వడిగా పోవుచున్నదో కొలిచి చూపుటకు మాత్రము అణుయుగము రావలసివచ్చెను. 1950ల దశకమున అమెరికాలోని మిషిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమునందు టూకీ, విట్వర్ అను నిరువురు తోటపంటల శాస్త్రజ్ఞులు రేడియోధార్మికములైన భాస్వరము, పొటాషియము మొదలగువానిని ఆకులపై చల్లి, యంత్రముతో వాటి జాడ పట్టి, ఆకునుండి కాండమునకును, కాండమునుండి కాయకును, వేరునకును అవి ప్రవహించుటను నిరూపించిరి. అప్పటినుండి యూరియా ద్రావణము చల్లుట మన వ్యవసాయశాఖవారి కరపత్రములకెక్కినది. ఆకుపై మైనపు పొర యుండునుగనుక నీటిబొట్టు తామరాకుపై వలె జారిపోకుండ కొంత సబ్బునీటినో కుంకుడురసమునో కలుపవలెనన్న సూచన కూడ ఆ కరపత్రములలోనిదే. వేపకషాయము చల్లు మన రైతుకు ఈ కుంకుడురసపు మర్మము ఎవ్వరును నేర్పనక్కరలేదు.

ఇక పంపులో విటమిను పోయుటకు మునుపు ఆ విటమిను దొరకవలెనుగదా. ఆ కథ మొక్కతోనే మొదలగుట ఈ చరిత్రలోని చమత్కారము.

హంగరీ దేశీయుడగు ఆల్బర్ట్ సెంట్-గ్యోర్గి 1920ల దశకమున హాలండులోని గ్రోనింగెన్ పట్టణమున పరిశోధన చేయుచు, కోసిన అరటిపండు, ఆపిలు ముక్కలు నల్లబడుటయు, కోసిన నారింజ నల్లబడకుండుటయు ఏలనని ఆలోచింపసాగెను. నల్లబడని జాతుల రసమును రంగు పుట్టించు ద్రావణములో కలుపగా, నీలిరంగు వెంటనే రాక కొన్ని క్షణములు ఆలస్యమై వచ్చుచుండెను. ఆ కొన్ని క్షణముల యాలస్యమే ఆయన జీవితమును మలపు త్రిప్పినది: ఆక్సీకరణమును అడ్డగించు పదార్థమేదో ఆ రసమున దాగియున్నదని ఆయన తీర్మానించుకొనెను. తరువాత కేంబ్రిడ్జిలో హాప్కిన్సు ప్రయోగశాలయందు 1928 నాటికి దానిని స్ఫటికరూపమున వేరుచేసి, అదేదో తెలియక, చక్కెరవంటిదని మాత్రము తోచి, నాకు తెలియదను అర్థము వచ్చు హాస్యపు పేరొకటి పెట్టగా పత్రికా సంపాదకుడు ఒప్పుకొనలేదు; దేవునికే తెలియునను అర్థము వచ్చు మరొకపేరు పంపగా దానిని మొదలే త్రోసిపుచ్చెను. తుదకు ఆరు కర్బనములు కలది గనుక హెక్సూరోనికామ్లమని నిలిచినది. శాస్త్రజ్ఞులకు హాస్యము తెలియదనువారు ఈ యుదంతమును చదువవలెను.

1932లో సెగెడ్ పట్టణమున తనతో పనిచేయుచున్న స్విర్బెలీ సహాయముతో ఆ పదార్థమే స్కర్వీవ్యాధిని పోగొట్టు విటమిను సి యని ఆయన నిర్ణయించెను. అదే మాసములలో పిట్స్‌బర్గులో చార్లెస్ గ్లెన్ కింగ్ సైతము అదేమాట చెప్పుటచే ఎవరు ముందన్న వివాదము రేగినది. ఆ వాదమున నేను పాల్గొనను. అంతకంటె ముఖ్యమైన విషయమేమన, పరీక్షలకు చాలినంత పదార్థము ఎక్కడను దొరకలేదు. నిమ్మరసమునుండి తీయబోగా చక్కెరలు అడ్డువచ్చెను. ఆ పదార్థము గల పశువుల అడ్రినల్ గ్రంథులు అరుదు. సెగెడ్ ప్రాంతము ఎర్రమిరపకు ప్రసిద్ధము. ఒకనాటి రాత్రి భార్య వడ్డించిన పచ్చి మిరపకాయలను తిన మనసొప్పక, వీనిని ఇంతవరకు పరీక్షింపలేదుగదా యని తలచి, ఆయన వాటిని ప్రయోగశాలకు కొనిపోయి, అర్ధరాత్రి వేళకు వాటియందు విటమిను సి పుష్కలముగా నున్నదని కనుగొనెను. కొలది వారములలో కిలోల లెక్కన స్ఫటికములు సిద్ధమైనవి. గుంటూరు సీమ పాఠకులకు ఇది వింతగా తోచకపోవచ్చును గాని, పచ్చిమిరప పండించి తినువారు స్కర్వీ యెరుగకుండుటకు కారణము ఆ రాత్రి తేటపడినది. ఆ పదార్థపు నిర్మాణమును బర్మింగ్‌హామున హావర్త్ నిర్ణయించెను. దానికి ఆస్కార్బికామ్లమని పేరు స్థిరపడెను. 1937లో ఇరువురును వేర్వేరు నోబెలు బహుమానములను పొందిరి. జ్యూరిక్ నగరమున టాడ్యూస్ రైక్‌స్టైన్ 1933లో చక్కెరనుండి, మధ్యలో ఒక బాక్టీరియాచేత పని చేయించుకొనుచు, దానిని కృత్రిమముగా తయారుచేయు మార్గమును కనుగొనగా, స్విట్జర్లండులోని రోష్ కర్మాగారమువారు దానిని కొని మరుసటి సంవత్సరమే విపణికి విడిచిరి. బంగారమువలె తూచిన వస్తువు నాటినుండి సరుకుగా మారెను.

కొన్ని యేండ్ల తరువాత, సరిగా ఎదురుదిశలో, ఒక సుగంధతృణము కర్మాగారమునకు విటమినుకై ముడిసరుకుగా పోవుచుండెను. అదియే మలబారు, తిరువాన్కూరు కొండలలోని నిమ్మగడ్డి.

ఆ కొండవాలులలో వేసవియందు ఎండినగడ్డికి నిప్పుపెట్టుదురు. తొలకరితో బూడిదలోనుండి లేతపిలకలు పైకివచ్చును. కొడవలితో కోసిన గడ్డిని ఆ యడవి యంచుననే కట్టిన బట్టీకి మోసికొనిపోయి, పెద్ద పాత్రలో నింపి, అడుగున నీటిని మరిగింతురు. పొయ్యిలో వేయునది మునుపటి విడత పిప్పియే. గడ్డి తన్ను తానే కాల్చుకొని తన తైలమును తానే తీయించుకొనుననవచ్చును. ఆవిరి చల్లని నీటిలోని గొట్టముల గుండ పోయి ద్రవమై పాత్రలో దిగును. పైన లేతపసుపు మొదలు ఎరుపుడాలు వరకు గల నూనె తేలును, అడుగున తెల్లనినీరు నిలుచును. నూరుపాళ్ల గడ్డికి నూనె అరపాలునకు మించుట అరుదు. ఆ నూనె కొచ్చిన్ రేవునుండి పోవుటచే లోకమున కొచ్చిన్ నూనెయని పేరొందినది.

దానిలో నూటికి డెబ్బదియైదు నుండి ఎనుబదియైదు వరకును సిట్రాలు అను పదార్థమే. 1893లో టీమన్, క్రూగర్ అను జర్మను రసాయనజ్ఞులు సిట్రాలునుండి అయొనోనును సాధించిరి. వయొలెట్ పువ్వుల పరిమళము నాటినుండి పువ్వులకు దూరముగా సీసాలలోనికి వచ్చినది. ఆ అయొనోనే అర్ధశతాబ్దము గడచిన పిదప విటమిను ఎ నిర్మాణమునకు ఆధారమైనది. 1947లో రోష్ సంస్థకు చెందిన ఇస్లర్ దానిని కర్మాగారస్థాయికి చేర్చిన తరువాత కొచ్చిన్ నూనెకు గిరాకి పెరిగినది. 1951లో తిరువాన్కూరు-కొచ్చిన్ రాష్ట్రమున ఓడక్కాలి గ్రామమందు నిమ్మగడ్డికొరకు ప్రత్యేక పరిశోధనా కేంద్రము వెలసినది. అక్కడనే అధిక సిట్రాలుగల సుగంధియను రకము రూపొందినది. అయినను ఆ వైభవము చిరకాలము నిలువలేదు: సిట్రాలును పెట్రోలియము సంబంధ పదార్థములనుండి చేయుట నేర్చిన కర్మాగారములు ఒకవైపు, చైనాదేశపు లిట్సియా కాయల నూనె మరొకవైపు ధరను క్రిందికి లాగగా, అనేకులు కొండవాలుల గడ్డిని పెరికి రబ్బరు నాటిరి. గడ్డినుండి విటమినును తీసికొనుచుండిన ఫ్యాక్టరీ నేడు తానే విటమినును తయారుచేసి గడ్డిపై చల్లుటకు పంపుచున్నదన్న వైపరీత్యమును ఆ కొండరైతుకు ఎవ్వరైనను చెప్పియుందురో లేదో!

చల్లుట ఏల? మొక్క విటమిను సిని తానే చేసికొనును. ఎక్స్‌టర్ విశ్వవిద్యాలయమున స్మిర్నాఫ్, వీలర్ అనువారు 1998లో ఆ సంశ్లేషణమార్గమును చూపిరి. ఆకునందలి హరితకణికలలో అది సమృద్ధిగా నుండును. అంతటి నిలువ అక్కడ ఉండవలసిన యవసరమేమి యనగా, సూర్యకాంతిని పట్టి ఆహారము వండు ఆ కణికలే ప్రాణవాయువు మిక్కుటముగా పుట్టు స్థలములు. వెలుతురు ఎక్కువై నీరు తక్కువైనపుడు, లేదా నేల చౌడుబారినపుడు, పట్టిన శక్తికి వెచ్చింపు లేక, కొంత ఎలక్ట్రాను ప్రాణవాయువుపై పడి సూపరాక్సైడు, హైడ్రోజన్ పెరాక్సైడు మొదలగు దహించు రూపములను పుట్టించును. డ్యూక్ విశ్వవిద్యాలయమున మెకార్డ్, ఫ్రిడోవిచ్ 1969లో సూపరాక్సైడును అణచు ఎంజైమును కనుగొనుటతో ఈ విచారణకు ద్వారము తెరచుకొన్నది. 1976లో ఫోయర్, హాలివెల్, తరువాత క్యోటోలో ఆసాడా, ఆస్కార్బికామ్లమును గ్లూటాతియానును గొలుసుగా కలిపి ఈ ప్రమాదద్రవ్యమును నీరుగా మార్చు చక్రమును వివరించిరి. ఈ చక్రము త్రిప్పు సామర్థ్యము తక్కువైన మొక్కకు బయటనుండి ఊతమిచ్చినచో నిలదొక్కుకొనవచ్చునన్నదే పత్రసేచనమునకు వెనుకనున్న ఆలోచన. సుఖముగా పెరుగు మొక్కకు చల్లుట దండుగ కావచ్చుననుటయు దీనినుండియే యూహింపవచ్చును. పిచికారీపై పరిశోధనావ్యాసములు వ్రాయువారు ఈ మాటను పెద్దగా నొక్కిచెప్పరు.

ఇదే వరుసలో సాలిసిలికామ్లము వచ్చి చేరినది, కాని దాని త్రోవ వేరు. మ్యూనిక్ నగరమున బుఖ్నర్ 1828లో విల్లోచెట్టు బెరడునుండి సాలిసినును వేరుచేసెను. ఆ వంశముననే ఆస్పిరిను పుట్టినది. మన నీలగిరులయందు పెరుగు వింటర్‌గ్రీను తైలము దాదాపు పూర్తిగా మిథైల్ సాలిసిలేటే. మోకాళ్ల నొప్పులకు మన యిండ్లలో రాసికొను లేపనముల ఘాటు అది. రోథాంస్టెడ్ పరిశోధనాలయమున రేమండ్ వైట్ 1979లో పొగాకు మొక్కకు ఆస్పిరినును ఎక్కింపగా మొజాయిక్ వైరస్ తెగులు తగ్గెను. మొక్కలోని సాలిసిలికామ్లము తెగులును గుర్తించి కబురు చేర్చు సంకేతమని పదేండ్ల పిమ్మట తేలినది. స్వయముగా ఆక్సీకరణము నడ్డుకొనుటకంటె అడ్డుకొను ఎంజైములను మేలుకొలుపుట దాని పని. అందుచేత ఆక్సీకరణ నిరోధకముల కోవలో దానిని చేర్చుట కొంత ఉదారతయే. దీని మోతాదు మించిన చెరుపు కూడ ఎక్కువ: ఆకు అంచులు మాడి ఎదుగుదల నిలిచిపోవును.

సుగంధపత్రములలో ఈ పరీక్షలకు ఈజిప్టు, ఇరాన్ దేశముల వ్యవసాయ విద్యాలయములు ప్రధాన క్షేత్రములగుట యాదృచ్ఛికము కాదు. నైలు నదీతీరమున ఫయూం, బెని సుయెఫ్ మండలములు భూతులసి, మరువము, చామంతి జాతులు, జెరేనియములను పండించి ఐరోపాకు పంపు ప్రాంతములు. కొత్తగా సాగులోనికి తెచ్చిన ఎడారినేలలందు ఉప్పునీరే దిక్కు. అట్టిచోట లీటరు నీటికి నూరు నుండి నాలుగువందల మిల్లీగ్రాముల ఆస్కార్బికామ్లము కరగించి కోతకు ముందు రెండుమూడుమారులు చల్లగా, మొక్క ఎత్తు, కొమ్మల సంఖ్య, పచ్చిబరువు పెరిగినవని, నూనెశాతము కొంత హెచ్చినదని పలువురు ప్రకటించిరి. నూనెలో లినలూలు, యూజినాలు వంటి అంశముల పాళ్లు అటునిటు జరిగినట్లును వ్రాయుదురు గాని, ఆ మార్పు ఏ దిక్కుకో రకమునుబట్టి, కోతవేళనుబట్టి తారుమారగుచున్నది. వీటిలో ఎక్కువ కుండీలలో చేసినవి, ఒకటి రెండు పంటకాలములు నడచినవి. కుండీలో మొక్క చుట్టును మట్టి ఎంత, ఉప్పు ఎంత యను లెక్క పరిశోధకుని చేతిలోనుండును, చేలో అట్లుండదు.

ఒక రుద్రజడ ఆకును గోసి వెలుతురు కెదురుగా పట్టి చూచినచో సూదిమొనలంత చుక్కలు కనబడును. మరువము, పుదీనా, తులసి మొదలగు ఆ కుటుంబపు మొక్కలన్నిటికిని నూనె ఆకుపైని గ్రంథులలోనే పుట్టి, వాటిపై గప్పిన పలుచని పొర క్రింద నిలువయుండును. చేతితో నలిపిన పొర పగిలి వాసన వచ్చును. నిమ్మగడ్డిలో మాత్రము పైకి కనబడు సంచులు లేవు. ఆకు లోపలి కణజాలమున నక్కడక్కడ నూనెకు వేరుగా ఏర్పడిన కణములుండును. చల్లిన మందు తగులు తలము, నూనె దాగు తలము మొదటిజాతిలో ఒక్కటే, రెండవజాతిలో వేరు. అందుచే ఒక జాతిపై కనబడిన ఫలితమును మరొకజాతికి అంటగట్టుట యుక్తము కాదు. అదిగాక ఈ తైలములలో నెన్నో తామే ఆక్సీకరణ నిరోధకములు: తులసిలోని యూజినాలు, వామునందలి థైమాలు అట్టివి; రోజ్‌మేరీ సారమును వంటనూనెలు చెడకుండ ఆహారశాలలలో కలుపుదురు. అనగా మొక్క ఎండకును గాలికిని ఓర్చుకొనుటకు పుట్టించుకొన్న ద్రవ్యమునే మనము తైలమని తీసికొనుచున్నాము. కొంత కష్టపడిన మొక్కలో నూనెశాతము హెచ్చుననియు, కష్టము మించినచో పచ్చిబరువు పడిపోవుననియు నూనెతీయువారికి ఎప్పటినుండియో తెలిసిన సంగతి.

అందుచేత లెక్క వేయునపుడు శాతమును పట్టుకొని వ్రేలాడరాదు. నూరుకిలోల ఆకులో నూటికి అర చొప్పున నూనె వచ్చినచో అయిదువందల గ్రాములు. కష్టము తొలగుటచే ఆకు నూటయిరువది కిలోలై శాతము 0.45కు దిగినను నూనె 540 గ్రాములగును. శాతము తగ్గినదని నిట్టూర్చువాడు, పెరిగినదని గంతులు వేయువాడు ఒకేరీతి పొరపడుదురు. ఎకరమునకు ఎన్ని కిలోల నూనె పాత్రలోనికి దిగినదో చూచుకొన్నవాడే సరియైన లెక్క చూచినవాడు. ఆ నూనెలో సిట్రాలు ఎంత యన్నది కొనువాని ప్రశ్న. దానిని వాయువిభజన యంత్రముతో కొలుచుట నేడు పరిపాటి.

మందు కలుపు పద్ధతిలోను కొన్ని మెలకువలున్నవి. ఆస్కార్బికామ్లము గాలికి, వేడికి, రాగికి, ఇనుమునకు, క్షారజలమునకు ఓర్వదు. బోరుబావి నీరు గట్టిదైనచో, రాగిబిందెలో కలిపినచో, ముందునాడే కలిపి నిలువపెట్టినచో అది పంపులోనికి పోకముందే చెడును. మొదటి కథలోని రైతు మైలుతుత్తము పోసిన పంపును కడుగక దానిలోనే విటమిను పోసినచో ఇదే గతి. ఏ రోజుదారోజు ప్లాస్టికు తొట్టిలో కలుపుకొని, ఎండ తగ్గిన పిదప, ఆకు క్రిందిభాగము కూడ తడియునట్లు చల్లుట మేలు; సూర్యోదయమైన కొంతసేపటికి చల్లినను మంచిదేగాని మిట్టమధ్యాహ్నపు ఎండలో బొట్టు ఆరి ఉప్పువలె నిలిచిపోవును. ఆ పైన వానపడినచో చల్లినదంతయు నేలపాలు.

తెలుగుదేశమునకు ఈ విషయము కొత్తది కాదు. దవనము, మరువము, వట్టివేరు మన పూలదండలలోను, దేవతార్చనలోను ఏనాటినుండియో యున్నవి. పామరోజా గడ్డి దక్కను పీఠభూమిలో తనంతట తాను మొలచునది. లక్నోలోని కేంద్ర ఔషధ సుగంధ సస్యసంస్థ శాఖ యొకటి హైదరాబాదు శివారులోని బోడుప్పలునందు పనిచేయుచున్నది. మెట్టభూములలోను చౌడునేలలలోను ఈ గడ్డిజాతులు నిలువగలవనియే వాటిని రైతులకు సూచింతురు. అట్టి నేలలే ఈజిప్టు పరీక్షలలోని నేలలకు సమీపమైనవి. నల్లరేగడిలో, కాలువనీటి క్రింద పండు మరువమునకు ఈ పిచికారీ అవసరము తక్కువ. ఇంక ఖర్చు చూతము. ఎకరమునకు రెండువందల లీటర్ల నీరు పట్టునని, లీటరునకు రెండువందల మిల్లీగ్రాములని అనుకొన్నచో, ఒక తడవకు నలువది గ్రాముల ఆస్కార్బికామ్లము చాలును. మందు ఖరీదు కంటె దానిని చల్లు కూలి ఎక్కువగును. పురుగుమందుతో కలిపి ఒకే తడవ చల్లవచ్చుననుకొనుట సహజమేగాని, ఆ పురుగుమందు క్షారగుణము కలదైనను, తామ్రము కలదైనను, విటమిను అక్కడనే నశించును. విడిగా చల్లవలెనన్న విడిగా కూలి. గడ్డినుండి వచ్చు నూనె అమ్మకపు ధరలోనుండి ఆ కూలిని ముందుగా తీసివేసి చూచుకొనిన పిదపనే రైతు తన పంపును వీపునకెత్తుకొనవలెను.